180 గంటలు, 4 క్రెడిట్లు, ఒక ఊరు

వేసవి సెలవులకు హాస్టల్ మూసే ముందు రోజు సాయంత్రం మన తమ్ముడొకడు నాకు ఫోన్ చేశాడు. డిగ్రీ మొదటి సంవత్సరం. సోషియాలజీ చదువుతున్నాడు.

"అన్నా, సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలంటున్నారు. 180 గంటలంట. సెంట్రింగ్ పనికి పోకపోతే వచ్చే ఏడాదికి బట్టలు, బస్సు ఛార్జీలు ఎక్కడివి? కాలేజీ ఎదురుగా డి.టి.పి. సెంటర్లో 800 ఇస్తే రిపోర్టు తయారు చేసి ఇస్తారంట. ఊరి పేరొక్కటి మారిస్తే చాలంట. తీసుకోమంటారా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ హాస్టల్లో ట్రంకు పెట్టెతో అడుగుపెట్టి, ఏడేళ్ళు ఇక్కడి అన్నం తిని, ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పుకుంటున్నవాణ్ణి. "తప్పు, అలా చేయకు" అనడం నాకు తేలిక. నెల తిరిగేసరికి జీతం వచ్చేవాడికి నీతులు తేలికగానే వస్తాయి. కానీ వేసవి కూలి మీద వచ్చే ఏడాది చదువు ఆధారపడిన పిల్లవాడికి 180 గంటలు అంటే ఎంతో, ఆ హాస్టల్లో చదివినవాడిగా నాకు తెలుసు.

"రేపు ఇంటికి పోయేటప్పుడు దారిలో దిగి కనపడు తమ్ముడూ, మాట్లాడుకుందాం" అన్నాను. మర్నాడు వాడికి చెప్పిన మాటలే, వాడి దగ్గర నేను నేర్చుకున్న మాటలతో కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక్కడి ప్రశ్న కాదు. మన హాస్టల్ నుండి డిగ్రీకి వెళ్ళే ప్రతి తమ్ముడికీ, చెల్లెలికీ ఎదురయ్యే ప్రశ్న.

క్రెడిట్ అంటే ఏమిటి?

మా కాలంలో మార్కులు, ఫస్టు క్లాసు, సెకండు క్లాసు అనే మాటలే ఉండేవి. ఇప్పుడు క్రెడిట్లు వచ్చాయి. ఒక సబ్జెక్టు కోసం విద్యార్థి పెట్టిన పనికి యూనివర్సిటీ వేసే కొలతే క్రెడిట్. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టరంతా వింటే ఒక క్రెడిట్. తరగతి గది బయట చేసే పనికి ఇంకా ఎక్కువ గంటలు కావాలి. యు.జి.సి. 2022 డిసెంబరులో విడుదల చేసిన డిగ్రీ కోర్సుల విధానంలో ఫీల్డ్ వర్కు, సమాజ సేవ వంటి వాటికి వారానికి రెండు గంటల చొప్పున, 15 వారాల సెమిస్టరులో 30 గంటల పనికి ఒక క్రెడిట్ అని లెక్క కట్టారు.

ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే ఒక ఏర్పాటు వచ్చింది. 2020-21లో డిగ్రీలో చేరిన వారి నుండి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేస్తూ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి సిలబస్ మార్చింది. అందులో మొదటి ఏడాది తర్వాత వచ్చే రెండు నెలల భాగమే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కనీసం 180 గంటలు పని చేయాలి. దానికి 4 క్రెడిట్లు, 100 మార్కులు. భాగిస్తే 45 గంటల పనికి ఒక క్రెడిట్ అవుతుంది. సిలబస్‌లు బ్యాచ్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి మీ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో కాలేజీలో అడిగి తెలుసుకోవాలి. తెలంగాణలో, ఇతర రాష్ట్రాలలో చదివే మన వాళ్ళు తమ సిలబస్‌లో ప్రాజెక్టు, ఫీల్డ్ వర్కు, కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ అనే పేర్ల కింద వెతకాలి. పేరు ఏదైనా లోపలి సంగతి ఒకటే.

ఆ లోపలి సంగతిని చాలామంది పొరబడుతున్నారు. "ఊళ్ళో సేవ చేశాను కాబట్టి మార్కులు ఇస్తారు" అనుకుంటారు. కాదు. మార్కులు సేవకు ఇవ్వరు. ఆ సేవ చేస్తూ మీరు ఏం చూశారు, ఏం అర్థం చేసుకున్నారు, దాన్ని ఎలా రాశారు, అడిగితే ఎలా చెప్పారు అన్నదానికి ఇస్తారు. ఒక వీధిని 10 రోజులు ఊడ్చినవాడు మంచి పని చేసినట్టే. కానీ ఆ వీధిలోకి చెత్త బండి ఎందుకు రావడం లేదు, ఊళ్ళో ఏయే వీధుల్లోకి వస్తోంది, ఊడ్చే పని ఎప్పుడూ ఏ ఇళ్ళవాళ్ళే చేస్తున్నారు అని గమనించి రాసినవాడు సోషియాలజీ చదివినట్టు. క్రెడిట్ ఆ రెండోదానికి.

ఎన్.ఎస్.ఎస్.తో తేడా

"మరి ఎన్.ఎస్.ఎస్.లో కూడా ఇదే కదా చేస్తాం?" అని అడుగుతారు. నేషనల్ సర్వీస్ స్కీమ్ గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 యూనివర్సిటీలలో మొదలైంది. అందులో వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు పని చేస్తాడు. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. చివర సర్టిఫికెట్ ఇస్తారు. మన హాస్టల్ అన్నలు ఎంతోమంది ఆ శిబిరాలలో రోడ్లు వేశారు, మొక్కలు నాటారు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అలా కాదు. ఎన్.ఎస్.ఎస్., ఎన్.సి.సి. వంటి మామూలు కార్యక్రమాలకు ఇది వేరుగా ఉండాలని నిబంధనల్లోనే రాశారు. మొక్కలు నాటిన ఫొటోనే దీనికీ, దానికీ పెడితే కుదరదు. ఇక్కడ సర్వే ఉంటుంది, లాగ్‌బుక్ ఉంటుంది, రిపోర్టు ఉంటుంది, వైవా ఉంటుంది. అన్నిటికీ పైన ఒక మెంటర్ ఉంటారు.

శామీర్‌పేటలో జరిగింది

ఈ పద్ధతి పరాయి దేశం నుండి నిన్న మొన్న వచ్చిందేమీ కాదు. హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటకు 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుండి ఒక బృందం వెళ్ళింది. దానికి పెట్టుకున్న పేరే సామాజిక సేవా విస్తరణ ప్రాజెక్టు. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం వంటి శాఖల వాళ్ళు ఒకవైపు ఊరికి ఉపయోగపడే పనులు చేస్తుంటే, ఆచార్య ఎస్.సి. దూబే నాయకత్వంలో సమాజ పరిశీలన జరిగింది. ఆ పని నుండి వచ్చిన 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం 1955లో అచ్చయింది. మన దేశంలో సోషియాలజీ చదివే ప్రతివాళ్ళూ ఈ రోజుకీ దాని పేరు వింటారు.

అంటే సేవ, చదువు కలిసి నడిచిన ఒక దారి మన తెలుగు ఊరి మీదుగానే పోయింది. సేవకు వెళ్ళినవాళ్ళు ఊరిని చదివారు. అలా చదవడం వల్లే ఒక ఊరు పుస్తకంలోకి వచ్చింది.

పని ఎలా సాగుతుంది?

ముందుగా విద్యార్థికి ఒక ఊరో, వార్డో కేటాయిస్తారు. ఇక్కడ మన హాస్టల్ పిల్లలు ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఆ ఊరు విద్యార్థి ఉండే చోటుకు దగ్గరగా, సాయంత్రానికి తిరిగి రాగలిగేంత దూరంలో ఉండాలని నిబంధన. సెలవుల్లో హాస్టల్ మూసేస్తారు. మీరు ఇంటి దగ్గర ఉంటారు. కాలేజీ పక్కనున్న ఊరు ఇస్తే రోజూ బస్సు ఛార్జీలకే సరిపోతుంది. అందుకని హాస్టల్ మూయకముందే మెంటర్‌ను కలిసి "సార్, సెలవుల్లో నేను ఇంటి దగ్గర ఉంటాను. అక్కడికి దగ్గరి ఊరు ఇవ్వండి" అని అడగాలి. అడగడానికి మొహమాటపడి నష్టపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

తర్వాత మొదటి వారం సర్వే. ఇంటింటికీ వెళ్ళి చదువు, పని, నీళ్ళు, ఆరోగ్యం వంటి విషయాలు తెలుసుకోవాలి. ఆ సర్వేలో తేలినదాన్ని బట్టి అవగాహన కార్యక్రమాలు ఉంటాయి. ఆ తర్వాత వ్యవసాయం, వైద్యం, పశుసంవర్ధకం వంటి ఏదైనా ఒక ప్రభుత్వ శాఖ వాళ్ళతో కలిసి కొన్ని వారాలు పని చేయాలి. చివరి వారం రిపోర్టు రాయాలి. కాలేజీ తెరిచాక ప్రిన్సిపాల్ వేసిన కమిటీ ముందు వైవా.

మార్కులు ఎలా ఇస్తారో లాగ్‌బుక్‌లోని పట్టికలో ఉంటుంది. లాగ్‌బుక్‌కు 20, ఊళ్ళో చేసిన పనికి 30, రిపోర్టుకు 25, నోటితో చెప్పినదానికి 25. ఈ లెక్క నేను ఆ తమ్ముడికి కాగితం మీద వేసి చూపించాను. "800 పెట్టి నువ్వు కొనేది రిపోర్టు ఒక్కటే. అంటే 25 మార్కుల వస్తువు. అదీ పూర్తిగా వస్తే. వైవాలో 'నీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు?' అని అడిగితే ఆ డి.టి.పి. సెంటర్ ఆయన వచ్చి చెప్పడు కదా" అన్నాను. వాడు నవ్వాడు. కానీ సెంట్రింగ్ పని మాట ఇంకా అలాగే ఉంది.

కూలి పని, కాలేజీ పని

అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 180 గంటలను రోజుకు ఆరు గంటల చొప్పున చేస్తే 30 రోజులు. నాలుగు గంటల చొప్పున అయితే 45 రోజులు. సెలవులు రెండు నెలలు. వాడి ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఇప్పించుకున్నాడు. వారంలో నాలుగు రోజులు సెంట్రింగ్ పనికి వెళ్ళి, ఆ రోజుల్లో సాయంత్రం ఐదున్నర నుండి ఎనిమిదిన్నర దాకా సర్వే చేశాడు. మిగిలిన రోజులు పూర్తిగా ప్రాజెక్టుకే ఇచ్చాడు. మెంటర్‌కు ముందే చెప్పి ఒప్పించుకున్నాడు.

ఇందులో వాడికి నష్టం లేదని నేను చెప్పను. వారానికి రెండు రోజుల కూలి పోయింది. ఒంటికి అలసట మిగిలింది. పేద విద్యార్థికి, ఉన్నవాళ్ళ పిల్లవాడికి 180 గంటల ఖరీదు ఒకటి కాదు. ఈ మాట కాలేజీలు గమనించాలి. మెంటర్లు గమనించాలి. పూర్వ విద్యార్థులం మనం కూడా గమనించాలి. వేసవిలో ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళకు బస్సు పాసు, జిరాక్సు ఖర్చులు మనం పెట్టుకోగలిగితే చాలు, రిపోర్టు కొనే అవసరం చాలావరకు తగ్గుతుంది. ఈసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో ఈ సంగతి ఎత్తాలని నా ప్రార్థన.

అయితే ఈ సాయంత్రం సర్వేలో ఒక విశేషం జరిగింది. అదే కాలేజీ నుండి ఇంకొక బ్యాచ్ మరో ఊళ్ళో పగలు 11 గంటలకు సర్వే చేసింది. ఆ వేళకు కూలికి పోయినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. తలుపులకు తాళాలు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు మాత్రమే ఉన్నారు. ఆ బ్యాచ్ కాగితాల ప్రకారం ఆ ఊళ్ళో సగానికి పైగా వృద్ధులే! పని చేసేవాళ్ళే లేరు! మా తమ్ముడు సాయంత్రం వెళ్ళాడు కాబట్టి అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. పాఠ్యపుస్తకంలో 'నమూనా ఎంపికలో దోషం' అని చదివే పాఠం ఇదే. తనకు వీలు లేక సాయంత్రం వెళ్ళిన కూలి పిల్లవాడి సర్వే, వీలుండి పగలు వెళ్ళినవాళ్ళ సర్వే కంటే నిజానికి దగ్గరగా వచ్చింది.

మెంటర్ ఏం చేయాలి, లాగ్‌బుక్ ఎలా రాయాలి

పర్యవేక్షణ అంటే చివర్లో సంతకం పెట్టడం కాదు. సర్వే మొదలయ్యాక రెండో రోజో మూడో రోజో మెంటర్ కాగితాలు చూడాలి. "ఈ ప్రశ్న ఎందుకు అడిగావు? ఈ జవాబు నమ్మావా?" అని అడగాలి. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?" అని అడిగితే దాదాపు ప్రతి ఇంట్లో "ఉంది" అన్నారు. "ఎవరెవరు వాడతారు? నీళ్ళు ఎక్కడి నుండి తెస్తారు?" అని మళ్ళీ అడిగి రమ్మన్నాను. రెండోసారి వెళితే నాలుగు ఇళ్ళలో దాన్ని కట్టెలు పెట్టుకోవడానికి వాడుతున్నారని తెలిసింది. నీళ్ళు లేవు కాబట్టి. మొదటి ప్రశ్నతో ఆగిపోతే రిపోర్టులో "మరుగుదొడ్లు బాగున్నాయి" అని వచ్చేది.

లాగ్‌బుక్‌లో ఎక్కువమంది ఇలా రాస్తారు:

"ఈ రోజు గ్రామంలో మంచినీటిపై అవగాహన కల్పించాము. ప్రజలు ఎంతో సంతోషించారు."

ఈ వాక్యాన్ని ఏ ఊరికైనా, ఏ రోజుకైనా రాయవచ్చు. అందువల్ల దీనికి విలువ లేదు. మా తమ్ముడి లాగ్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంది:

"సాయంత్రం 5.30 నుండి 8.30. కాలనీలో 12 ఇళ్ళు. 9 ఇళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడారు. కుళాయి నీళ్ళు పొద్దున గంటసేపు వస్తాయని అందరూ చెప్పారు. కానీ చివరి వరుసలో ఐదు ఇళ్ళకు బిందె నిండేలోపు ఆగిపోతాయట. వాళ్ళు పెద్ద వీధి కుళాయికి పోతారు. అక్కడ ముందు ఆ వీధివాళ్ళు పట్టుకున్నాకే వీళ్ళు పట్టుకోవాలట. అలా ఎవరు చెప్పారని అడిగాను. 'ఎవరూ చెప్పలేదు, అంతే' అన్నారు."

చూడండి. ఇందులో గంటలు ఉన్నాయి. ఇళ్ళ లెక్క ఉంది. చూసింది వేరుగా, విన్నది వేరుగా ఉంది. చివర ఒక ప్రశ్న ఉంది. 'ఎవరూ చెప్పలేదు, అంతే' అన్న ఆ ఒక్క మాట మీద నేను తరగతిలో రెండు రోజులు పాఠం చెప్పాను. ఎవరూ చెప్పకపోయినా అందరూ పాటించే నియమాల గురించే కదా సోషియాలజీ!

సోషియాలజీ ఎక్కడుంది?

అమెరికా సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో 'ది సోషియలాజికల్ ఇమాజినేషన్' అనే పుస్తకం రాశాడు. మనిషి సొంత కష్టాన్ని, సమాజపు సమస్యను విడదీసి చూడాలి, మళ్ళీ ఆ రెండింటి మధ్య ఉన్న దారిని కనిపెట్టాలి అన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. మన హాస్టల్ భాషలో చెబుతాను. పదో తరగతిలో ఒక అబ్బాయి చదువు మానేశాడంటే "వాడికి చదువు అబ్బలేదు" అంటారు. ఒకే ఊరి నుండి వచ్చిన ఐదుగురూ పదో తరగతిలోనే మానేస్తే అది వాళ్ళ తెలివికి సంబంధించిన సంగతి కాదు. ఆ ఊళ్ళో అప్పు ఉందా? వలస ఉందా? ఆడపిల్లలైతే పెళ్ళిళ్ళా? కాలేజీకి బస్సు లేదా? అని వెతకాలి. అలా వెతకడమే ఈ ప్రాజెక్టు.

ఇందులో మనకు ఒక బలం ఉంది. ఇతరులు పుస్తకంలో చదివేది మనం ఇంట్లో చూశాం. బిందె నిండకపోతే ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు. కానీ అక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. "ఇది నాకు తెలిసిందే" అని అడగకుండానే రాసేస్తాం. తెలిసిన సంగతిని కూడా తెలియనివాడిలా అడగాలి. అప్పుడే కొత్తది బయటపడుతుంది.

మనల్ని కూడా ఒకరు రాసుకుని పోయారు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మన హాస్టల్‌కు కొంతమంది కాలేజీ విద్యార్థులు వచ్చారు. వరుసగా నిలబెట్టి అడిగారు. గుడ్డు వారానికి ఎన్నిసార్లు పెడతారు? దుప్పటి ఇచ్చారా? స్నానాల గదికి తలుపుందా? మేం అన్నీ చెప్పాం. వాళ్ళు రాసుకున్నారు. ఫొటోలు తీసుకున్నారు. "మళ్ళీ వస్తాం" అన్నారు. మేం చాలా రోజులు ఎదురు చూశాం. స్నానాల గదికి తలుపు వస్తుందని మా ఆశ. వాళ్ళు రాలేదు. తలుపూ రాలేదు. బహుశా వాళ్ళకు మంచి మార్కులే వచ్చి ఉంటాయి.

వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందుకే నా విద్యార్థులకు మొదటి రోజే కొన్ని మాటలు చెబుతాను. మీకూ చెబుతున్నాను.

మీరు ఎవరో, ఎందుకు వచ్చారో ముందుగా చెప్పండి. 2019 నుండి కొన్నేళ్ళు మన రాష్ట్రంలో వాలంటీరు అంటే ఇంటికి పింఛను తెచ్చిచ్చే మనిషి. 2024లో ఆ పద్ధతి ఆగింది. ఇప్పటికీ చేతిలో కాగితాలతో కనపడితే "పింఛను కోసమా నాయనా?" అని ముసలమ్మలు ఆశగా లేచి వస్తారు. "కాదు అవ్వా, చదువు కోసం వచ్చాను. నా చేతిలో ఏ పథకమూ లేదు" అని స్పష్టంగా చెప్పాలి.

చేయలేనిది చేస్తామని మాట ఇవ్వకండి. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు అడగకండి. మీ సర్వేకు అవి అవసరం లేదు. రిపోర్టులో మనుషుల పేర్లు రాయకండి. అడగకుండా ఫొటో తీయకండి. జవాబు చెప్పడం ఇష్టం లేదంటే దండం పెట్టి వచ్చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మళ్ళీ వెళ్ళండి. మీరు రాసింది ఆ ఊరివాళ్ళకు చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్ళే సరిదిద్దుతారు. వాళ్ళు చెప్పిందే రాశారని తెలిస్తే, తమ మాటకు విలువ ఉందని వాళ్ళకు అనిపిస్తుంది.

చివరికి ఏమైంది?

మా తమ్ముడు రిపోర్టు కాలేజీలో ఇవ్వడానికి ముందు ఆ కాలనీకి వెళ్ళి బడి అరుగు మీద చదివాడు. ముప్పై మంది దాకా వచ్చారట. ఐదు ఇళ్ళకు నీళ్ళు అందడం లేదని చదివితే ఒక పెద్దాయన లేచి, "ఐదు కాదబ్బాయ్, ఏడు. ఆ రెండు ఇళ్ళవాళ్ళు నీకు సిగ్గుపడి చెప్పలేదు" అన్నాడట. వాడు అక్కడే దిద్దుకున్నాడు. కాలనీ ఆడవాళ్ళు పదిమంది ఆ లెక్క పట్టుకుని సచివాలయంలో అర్జీ ఇచ్చారు. వాడు రాయడంలో సాయం చేశాడు. సంతకాలు వాళ్ళవే.

కొత్త పైపులైను రాలేదు. కానీ నీళ్ళు వదిలే ఆయన వారంలో మూడు రోజులు చివరి వరుస వాల్వు ముందు తిప్పుతున్నాడు. ఆ మూడు రోజులు ఆ ఏడు ఇళ్ళలో బిందెలు నిండుతున్నాయి. మిగిలిన రోజులు పెద్ద వీధి కుళాయి దగ్గర వంతు అలాగే ఉంది. ఇది కూడా రిపోర్టులో రాశాడు. గెలిచినంత మటుకు గెలిచామని, మిగిలింది మిగిలిందని రాయడమే నిజాయితీ.

వైవాలో కమిటీ వాళ్ళు "నీళ్ళ సమస్య ఇంజనీర్లది కదా, ఇందులో సోషియాలజీ ఏముంది?" అని అడిగారు. వాడు, "సార్, వాల్వు ఎవరు తిప్పుతారన్నది ఇంజనీరింగ్. ముందు ఎవరి వైపు తిప్పుతారన్నది సోషియాలజీ" అన్నాడు. ఎన్ని మార్కులు వచ్చాయో నేను రాయను. ఆ జవాబు ఏ డి.టి.పి. సెంటర్లోనూ దొరకదని మాత్రం రాస్తాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన హాస్టల్ గోడల మధ్య చదువుకుని డిగ్రీకి వెళుతున్న మీకు ఈ వేసవిలోనో, వచ్చే వేసవిలోనో ఒక ఊరు ఇస్తారు. ఆ ఊళ్ళో మీలాంటి పిల్లవాడు ఒకడు గుమ్మంలో నిలబడి మీ చేతిలోని కాగితాల వైపు చూస్తుంటాడు. ఒకప్పుడు మేం చూసినట్టే. వాడి దగ్గర రాసుకుని వెళ్ళిపోకండి. మళ్ళీ వెళ్ళండి.

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, సోషియాలజీ అధ్యాపకుడు